తడిసిన టికెట్ పుస్తకాలు

నేను వెళ్ళేసరికి బైండింగ్ షాపు గుమ్మం దగ్గర నేల తడిగా ఉంది. చూడగానే మనసు కాస్త తేలికపడింది. నీళ్ళ నష్టం సర్వేకి వెళ్ళినవాళ్ళకి తడి కనిపిస్తే సగం పని అయినట్టే. వంగి వేలితో తాకి వాసన చూశాను. సబ్బు వాసన వచ్చింది.

"జాగ్రత్తమ్మా, జారతావు. ఇప్పుడే కడిగాం," అంది లోపల్నుంచి ఒక పెద్దావిడ.

లోపల అడుగు పెట్టి అలాగే నిలబడిపోయాను. గది తళతళలాడుతోంది. నాలుగు గోడలకీ, పైకప్పుకీ కొత్తగా సున్నం వేశారు. కిటికీ అద్దాలు తుడిచారు. కాగితాలు కత్తిరించే మిషన్ మీద ఉతికిన దుప్పటి కప్పారు. జిగురు డబ్బాలు చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా వరసగా నిలబడి ఉన్నాయి. గది మధ్యలో ఒక కుర్చీ వేసి, దాని మీద మడతపెట్టిన తువ్వాలు పరిచారు. అది నా కోసమట.

ఎవరైనా ఆస్తికి నష్టం జరిగిందని బీమా కంపెనీకి రాస్తే, నిజంగా ఏం జరిగిందో వెళ్ళి చూసి రాసిచ్చే ఆఫీసు మాది. నేను అందులో చేరి ఏడు నెలలయింది. మా పెద్ద సర్వేయరు గారిని ఆఫీసులో అందరూ చాటుగా మీటరు గారు అంటారు. తేమ కొలిచే మీటరు ఆయన జేబులో ఎప్పుడూ ఉంటుంది. బంధువుల ఇంటికి భోజనానికి వెళ్ళినా గోడకి ఆనించి చూస్తారని చెప్పుకుంటారు. ఆ సోమవారం పొద్దున ఆయన మీటరు నా చేతిలో పెట్టి, మొదటిసారి నన్ను ఒక్కదాన్నే పంపారు.

"చిన్న కేసే. విన్నది రాయకు, చూసింది రాయి," అన్నారు.

కేసు చిన్నదే గానీ అందులో ఒక ముడి ఉంది. ఈ షాపు పాలసీ ప్రకారం పైపు పగిలి పడ్డ నీళ్ళకైతే పరిహారం వస్తుంది. నేలలోంచి ఊరిన నీళ్ళకీ, వీధి కాలువ పొంగి వచ్చిన నీళ్ళకీ రాదు. పోయిన గురువారం పెద్ద వాన పడి ఆ వీధి కాలువ పొంగింది. అదే వరసలో రెండు షాపులవాళ్ళు క్లెయిమ్ పెట్టి కాదనిపించుకున్నారు. మూడోది ఇది. బైండరు మాత్రం, కాలువ నీళ్ళు తన మెట్ల దగ్గరే ఆగిపోయాయనీ, అదే రోజు పైన తన ఇంట్లో స్నానాలగది పైపు పగిలి నీళ్ళు షాపులో పడ్డాయనీ రాశాడు. ఆ కాగితం చదివితే ఎవరికైనా కనుబొమలు పైకి లేస్తాయి.

బైండరు నలభై ఏళ్ళ మనిషి. వేళ్ళ చివర్లలో ఎండిన జిగురు పొరలు పొరలుగా ఉంది. పక్కనే అతని భార్య, ఆమె వెనక అతని తల్లి. నన్ను గుమ్మంలో హెచ్చరించిన పెద్దావిడ ఈవిడే.

"నీళ్ళు ఎక్కడ పడ్డాయండీ?" అని అడిగాను.

అతను పైకి చూపించాడు. "అదిగో మేడం, అక్కడ. పళ్ళెమంత మచ్చ ఉండేది."

"ఉండేదా?"

"మా అమ్మ సున్నం వేయించేసింది."

"రెండు పూతలు వేయించా," అంది పెద్దావిడ. "పెద్ద ఆఫీసు నుంచి మనిషి వస్తుంటే నెత్తి మీద మరకలు పెట్టుకుని కూర్చుంటామా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఆ మరకలు చూడటానికే వస్తారంట అత్తయ్యా," అంది కోడలు మెల్లగా.

"ఆ మాట ముందు చెప్పాలి."

"నిన్న చెప్పాను. మీరు నిచ్చెన మీద ఉన్నారు. బ్రష్ అందించమన్నారు."

నేను నవ్వు ఆపుకుని ఫారం తీశాను. "పగిలిన పైపు ఉందా?"

"మా తమ్ముడు ఆ సాయంత్రమే వచ్చి మార్చేశాడు," అంది కోడలు. "వాడు పైపుల పనే చేస్తాడు. సొంత అక్క ఇల్లు కదా, బిల్లూ గిల్లూ ఏం లేదు."

"పాత పైపు?"

ఆమె ఒక్క క్షణం భర్త వైపు చూసింది. "పాత సామాన్లు కొనే అతను వీధిలోకి వస్తే ఇచ్చేశా. బదులుగా బకెట్ ఇచ్చాడు. మంచి బకెట్టే. చూస్తారా?"

నేను వద్దనేలోపే తెచ్చి చూపించింది. ఎర్రటి బకెట్. నిజంగానే మంచిది.

ఫోటోలు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయన్నారు. ఫోనులో మూడు ఫోటోలు. మూడింట్లోనూ తెల్లటి గోడలు. ఒకదాంట్లో పెద్దావిడ నిచ్చెన పట్టుకుని, దువ్వుకున్న తలతో నిలబడి ఉంది.

"ఇవి సర్దేశాక తీసినవి కదండీ. సర్దకముందు తీసినవి లేవా?"

"ముందు చేతులన్నీ కాగితాల మీద ఉన్నాయి మేడం," అన్నాడు బైండరు. "కాగితం తడుస్తుంటే ఫోను ఎవరికి గుర్తొస్తుంది?"

ఆ మాట అబద్ధంలా అనిపించలేదు. కానీ ఫారంలో అనిపించింది రాయడానికి చోటు లేదు.

మీటరు తీసి పని మొదలుపెట్టాను. పైకప్పు నాలుగు చోట్ల, ప్రతి గోడా మూడు ఎత్తుల్లో, నేల ఆరు చోట్ల కొలిచాను. కప్పు, గోడలు అంతా ఒకటే తేమ. నిన్నటి సున్నం ఇంకా ఆరలేదు కాబట్టి మీటరుకి మచ్చ ఉన్న చోటికీ లేని చోటికీ తేడా తెలియలేదు. గోడల అడుగుభాగం అంతకంటే ఎక్కువ. నేల అన్నిటికంటే ఎక్కువ. పొద్దున పోసిన సబ్బు నీళ్ళు అవి. కాగితం మీద ఈ అంకెలు మాత్రమే చూసినవాళ్ళు, ఇది కింది నుంచి పాకిన నీరు అని కళ్ళు మూసుకుని చెప్పేస్తారు.

గుమ్మం బయటికి వచ్చి మీటరు గారికి ఫోన్ చేశాను.

"ఎక్కడ ఎక్కువుంది? కిందా, పైనా?" అన్నారు.

"కిందండీ. కానీ ఇప్పుడే నేల కడిగారు."

"కడిగారని ఎవరు చెప్పారు?"

"వాళ్ళే. సబ్బు వాసన కూడా వస్తోందండీ."

"సబ్బు వాసనకి మన ఫారంలో గడి లేదమ్మా. మూడింటి దాకా టైముంది, చూడు. ఏమీ దొరక్కపోతే కారణం తేలలేదు అని రాసి వచ్చెయ్," అన్నారు.

కారణం తేలలేదు అని రాస్తే కంపెనీవాళ్ళు రాదు అనే చదువుకుంటారు. ఆ సంగతి బైండరుకి కూడా తెలుసు. నేను వెనక్కి తిరిగేసరికి అతను గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మేడం, ఒక్క మాట. రాదంటే రాదని ఇవాళే చెప్పేయండి. నేనేమీ అనుకోను."

"ఎందుకండీ ఇవాళే?"

"నేను పదకొండేళ్ళు ఒక పెద్ద ప్రెస్సులో చేశాను. రెండేళ్ళ క్రితం మానేసి ఈ షాపు పెట్టుకున్నా. ఇలా జరిగిందని తెలిసి మా పాత యజమాని మళ్ళీ పనిలోకి రమ్మంటున్నారు. ఇవాళ సాయంత్రం లోపల ఏదో ఒకటి చెప్పమన్నారు." మిషన్ మీది దుప్పటి వైపు చూశాడు. "మోటారు కాలిపోయింది. పుస్తకాలు మళ్ళీ వేసివ్వాలి. రెండూ నా వల్ల కాదు. పరిహారం వస్తే షాపు ఉంటుంది. రాకపోతే తాళం వేసి రేపట్నుంచి ఆయన దగ్గరికి వెళ్తా. అంతే."

కోపంగా అనలేదు, దీనంగా అనలేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పాడు. లోపల పెద్దావిడ మాత్రం గోరులో ఇరుక్కున్న సున్నం గీక్కుంటూ కూర్చుంది. అప్పటిదాకా ఆవిడ నోరు ఒక్క నిమిషం ఖాళీగా ఉండగా నేను చూడలేదు.

"తడిసిన పుస్తకాలు ఉన్నాయా, అవి కూడా ఇచ్చేశారా?" అన్నాను.

"ఉన్నాయి ఉన్నాయి," అని పెద్దావిడ లేచింది. "అన్నీ ఆరబెట్టి ఇస్త్రీ చేసి ఉంచాను."

"ఇస్త్రీ చేశారా?"

"మూడు వందలూ. నా నడుం అడుగు, చెబుతుంది."

అవి ఈతకొలను టికెట్ పుస్తకాలు. అరచేతికి కాస్త పెద్దవి, బూడిదరంగు అట్టలు. ఒక్కోదాంట్లో వంద టికెట్లు. అట్ట మీద ఒకటి నుంచి మూడు వందల దాకా నంబర్లు. నంబర్లు వరసగా లేకపోతే కొలను వాళ్ళు ఒక్కటి కూడా తీసుకోరు కాబట్టి కొన్ని తడిసినా అన్నీ పోయినట్టే లెక్క.

"నీళ్ళలోకి వెళ్ళేవాళ్ళకి ఇవ్వాల్సిన టికెట్లు, అవే ముందు వెళ్ళొచ్చాయి," అంది కోడలు.

"నీకు నవ్వులాటగా ఉంది," అంది అత్త.

"ఏడిస్తే ఇంకా తడుస్తాయి అత్తయ్యా."

వాటిని మూడు గుట్టలు చేసి పెట్టారు. బాగున్నవి, ఫరవాలేనివి, పోయినవి. నేను కుర్చీ వదిలి నేల మీద చతికిలబడి పోయినవాటితో మొదలుపెట్టాను. ఇస్త్రీ చేయడం వల్ల అట్టలు చదునుగా ఉన్నాయి కానీ తడి ఆగిన చోట గోధుమరంగు అంచు అలాగే మిగిలిపోయింది. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఆ అంచే చెబుతుంది. మీటరుకి తెలియనిది కాగితానికి తెలుసు.

అయితే ఆ మరకలకి ఒక పద్ధతి కనిపించలేదు. ఒకదానికి పిన్నులు కొట్టిన వీపు పక్కన పై మూలలో మరక ఉంది. ఇంకోదానికి తెరిచే వైపు కింది మూలలో ఉంది. నీళ్ళు ఒకచోటి నుంచే వస్తే ఒకే మూల తడవాలి కదా. పది చూశాను, ఇరవై చూశాను. కోడలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, పుస్తకాలకి దూరంగా, చాలా దూరంగా పెట్టింది.

ముప్పయ్యో నలభయ్యో చూశాక నలభై ఒకటో నంబరు చేతికొచ్చింది. మరక బొటనవేలు వెడల్పుంది, ఒక పక్క చిన్న కొక్కెంలా వంపు తిరిగింది. ఆ వంపు ఎక్కడో చూసినట్టుంది. గుట్టలో వెతికితే దొరికింది. ముప్పై తొమ్మిది. అదే మరక, అదే వంపు, కొంచెం పెద్దది. నలభై కోసం వెతికాను. అది ఫరవాలేనివాటిలో ఉంది. మరక అవతలి మూలలో ఉంది. కానీ పుస్తకాన్ని తలకిందులుగా తిప్పి చూస్తే అదే వంపు. ముప్పై తొమ్మిది కంటే చిన్నది, నలభై ఒకటి కంటే పెద్దది.

"బామ్మగారూ, తడవకముందు ఇవి ఎలా పేర్చి ఉన్నాయి? ఎవరు పేర్చారు?"

"ఇంకెవరు, నేనే. బొత్తికి పాతిక, పన్నెండు బొత్తులు. చిన్న నంబరు పైన, పెద్ద నంబరు అడుగున. పైది తీసి ఇచ్చుకుంటూ పోతే వరస తప్పదు."

"అన్నీ ఒకే వైపు తిప్పి పెడతారా?"

ఆవిడ నన్ను అక్షరాలు రాని పిల్లని చూసినట్టు చూసింది. "ఒకే వైపు ఎలా పెడతాం తల్లీ? వీపు దగ్గర పిన్నులుంటాయి, బట్ట అంటిస్తాం, లావుగా ఉంటుంది. అన్ని వీపులూ ఒక పక్కకే పెడితే నాలుగు పుస్తకాలకే బొత్తి ఒరిగిపోతుంది. ఒకటి ఇటు, ఒకటి అటు. పేర్చేవాళ్ళందరూ అంతే."

"నేనూ అంతే," అన్నాడు బైండరు. అని నా చేతిలో ఉన్న మూడు పుస్తకాలు చూశాడు. వాటిని తీసుకుని, తన చేతులకి అలవాటైన పద్ధతిలో, ఒకటి ఇటు ఒకటి అటు, ఒకదాని మీద ఒకటి పెట్టాడు. మూడు మరకలూ ఒకే మూలకి వచ్చి నిలిచాయి.

నేను మిగతా గుట్టల వైపు తిరిగాను.

"మళ్ళీ పేర్చగలరా? అన్నీ. గురువారం పొద్దున ఎలా ఉన్నాయో అలా," అన్నాను.

ఆ తర్వాత గంటన్నర ఆ గదిలో నంబర్లు తప్ప వేరే మాట లేదు. పెద్దావిడ చెక్క పలక తెప్పించి, ఎప్పుడూ ఉండే చోట, రెండు గోడల మూలకి ఆనించి వేయించింది. నేలకి జానెడు ఎత్తున్న పలక అది. కొడుకు, కోడలు మూడు గుట్టల్లోంచీ ఏరి అందిస్తుంటే ఆవిడ పేర్చింది.

"నలభై ఏడు ఏదీ?"

"పోయినవాటిలో లేదు అత్తయ్యా."

"బాగున్నవాటిలో చూడు. అది పెద్దగా తడవలేదు, నాకు గుర్తుంది."

"మూడు వందల్లో ఒక్కోటీ గుర్తుందా మీకు?"

"ఇస్త్రీ నువ్వు చేశావా నేను చేశానా?"

నలభై ఏడు బాగున్నవాటిలోనే దొరికింది. రెండో బొత్తి పూర్తయ్యాక నేను పైనుంచి ఒక్కొక్కటే తీసి, వరసగా నేల మీద గుడ్డ పరిచి పెట్టి ఫోటోలు తీశాను. అన్నిటికంటే పైనున్న ఇరవై ఆరో నంబరుకి సగం అట్ట మరకే. కిందికి వచ్చేకొద్దీ ఆ కొక్కెం వంపు అలాగే ఉండి, మరక మాత్రం సన్నబడుతూ వచ్చింది. నలభై ఏడుకి గోరంత. ఆఖరి మూడింటికి ఏమీ లేదు. అడుగున ఉన్న యాభయ్యో నంబరు తిరగేసి చూశాను. చెక్క రాసుకున్న గీత తప్ప పొడిగా, శుభ్రంగా ఉంది. నీళ్ళు కింది నుంచి వచ్చి ఉంటే ముందు మునగాల్సింది అదే.

పన్నెండు బొత్తులూ నిలబడ్డాక ఇంకొకటి కనిపించింది. బాగా తడిసిన బొత్తులు నాలుగే. ఆ నాలుగూ ఒకదానికొకటి ఎదురుపడే మూలల్లోనే తడిశాయి. మిగతావాటికి చిందులే. నీళ్ళన్నీ ఆ నాలుగు మూలలు కలిసే చోట, ఒకే చోట పడ్డాయి. నేను ఆ చోటు నుంచి రెండు గోడలకీ టేపు పెట్టి కొలిచి రాసుకున్నాను. పైకి వెళ్ళి వాళ్ళ స్నానాలగదిలో కొత్తగా వేసిన పైపు ముక్క నుంచి అవే రెండు గోడలకి కొలిచాను. కోడలు టేపు అవతలి కొస పట్టుకుంది.

"ఎంత తేడా ఉంది?" అంది గుసగుసగా, ఎవరో నిద్రపోతున్నట్టు.

"నాలుగు వేళ్ళు."

"అంటే బాగానే ఉన్నట్టా?"

"బాగానే ఉన్నట్టు అక్కా."

ఆమె మెట్లు దిగేటప్పుడు నా కంటే ముందు దిగింది.

ఫోటోలు పంపి, మీటరు గారి ఫోను కోసం ఎదురుచూశాను. అది రావడానికి చాలాసేపు పట్టింది. ఆయన ఒక్కొక్క ఫోటో పెద్దది చేసి చూస్తారని నాకు తెలుసు.

"ఈ యాభయ్యోది తడవనే లేదా?" అన్నారు.

"లేదండీ."

"అడుగు వైపు చూశావా?"

"చూశానండీ. ఫోటో కూడా ఉంది, ఆఖర్న."

"వాళ్ళు నీకు చూపించాలని పేర్చారా, నువ్వు అడిగితే పేర్చారా?"

"నేను అడిగానండీ. మొదట వాళ్ళు మూడు గుట్టలుగా కలిపేసి ఉంచారు. ఆ ఫోటో కూడా పేర్చకముందే తీశాను."

"ఆఁ. పైన పైపుకీ దీనికీ తేడా ఎంత?"

"నాలుగు వేళ్ళండీ."

"వేళ్ళేమిటమ్మా, సెంటీమీటర్లు చెప్పు."

"ఏడు."

ఆయన గొంతు సవరించుకున్నారు. "మీటరు అంకెలు కూడా ఉన్నవి ఉన్నట్టు రాయి, దాచకు. పక్కన సున్నం పచ్చిగా ఉందని రాయి. కారణం దగ్గర, పైనుంచి పడిన నీరు అని రాయి. నేను సంతకం పెడతాను." ఫోను పెట్టేయబోయి మళ్ళీ అన్నారు. "పుస్తకాలు వీపు మార్చి పేరుస్తారని నాకు ఇన్నేళ్ళూ తెలియదు."

మా ఆఫీసు రిపోర్టుని కంపెనీ సాధారణంగా కాదనదు. లోపలికి వచ్చేసరికి ముగ్గురూ నిలబడే ఉన్నారు.

"పైపు నీళ్ళే అని రాస్తున్నానండీ. మా సారు సంతకం పెడతానన్నారు. మోటారుకీ, పుస్తకాలు మళ్ళీ వేయడానికీ వస్తుంది. కంపెనీ నుంచి ఉత్తరం రావడానికి రెండు వారాలు పట్టొచ్చు. సున్నం ఖర్చు మాత్రం రాదు."

"సున్నం సంగతి ఎవరడిగారు," అంది పెద్దావిడ. అని చెక్క పలక చివర కూర్చుని కాళ్ళు చాపుకుంది.

కోడలు తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, తుడుచుకుంటూనే ఉండిపోయింది.

బైండరు ఫోను తీసుకుని బయటికి వెళ్ళబోయి, ఎందుకో ఆగి, మా ముందే మాట్లాడాడు.

"నేనేనండీ... ఆఁ, దాని గురించే. రావడం లేదండీ... అబ్బే, కోపమేముంటుందండీ, మీరు నేర్పిన పనే కదా ఇది... షాపు నడుపుకుంటానండీ." తర్వాత చాలాసేపు అవతలి మాటలే విన్నాడు. వింటూ వింటూ అతని మొహం విప్పారింది. "సరేనండీ. అయితే మోటారు బిగించడానికి పది రోజులు పడుతుంది. ఆ తర్వాత పంపండి."

"ఏమంటాడు?" అంది తల్లి.

"మనిషివి ఎలాగూ రావు, పనైనా తీసుకో అంటున్నారు. అక్కడ చేతులు చాలడం లేదట. ఎనిమిది వందల నోటు పుస్తకాలు."

"ఎనిమిది వందలా? ఎక్కడ పెడదామని?"

"అదే చూస్తున్నా."

ముగ్గురూ గది నాలుగు మూలలూ చూడటం మొదలుపెట్టారు. కోడలు కిటికీ కింద అడుగులు వేసి కొలిచింది. పెద్దావిడ అక్కడ ఎండ తగులుతుంది, అట్టలు వంకరపోతాయి అంది. అయితే మిషన్ వెనక అన్నాడు కొడుకు. అక్కడ మనిషి ఎలా తిరుగుతాడని భార్య అంది. నేను ఫారం మోకాళ్ళ మీద పెట్టుకుని, మిగిలిన గడులు ఒక్కొక్కటే నింపుకుంటూ కూర్చున్నాను.